ఆరని గోడ

ఆ వేసవిలో మా వీధిలో అందరికంటే ముందు గోడలు లేపింది మేమే. నేను, మా అత్త ఓయ్‌దీనా. ఇంట్లో మగదిక్కు లేదు. అయినా ఎండలు ముదిరేసరికి మూడు గోడలు నా తల దాటి లేచాయి. పక్కింటి గులందోమ్ రోజూ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసేది.

"ఏం తింటున్నారే మీ అత్తాకోడళ్లు? మాకూ కాస్త పెట్టండి."

"నువ్వు తినేదే. సాయంగా ఇచ్చే ఆ సంచుల్లో పిండి," అనేది అత్త. "కాకపోతే మేం తిన్నాక మాట్లాడుతూ కూచోం."

అంతర్యుద్ధంలో ఊరు వదిలి, సరిహద్దు పంజ్ నది అవతల, అఫ్ఘాన్ గడ్డ మీద డేరాల్లో రెండు చలికాలాలు గడిపి, తొంభై ఐదు వసంతంలో వెనక్కి వచ్చాం. వీధి ఉంది, ఇళ్లు లేవు. కాలిపోయిన గోడలు వానలకు కరిగి మోకాలెత్తున మిగిలాయి. తలుపులు, దూలాలు, చివరికి గడప చెక్కలు కూడా ఎవరో ఊడబెరుక్కుపోయారు. మల్బరీ చెట్లు మాత్రం ఏమీ జరగనట్టు కాశాయి. తినే పిల్లలు లేక పళ్లన్నీ రాలి, నేలంతా నల్లగా, తీపి వాసనతో ఉండేది.

సహాయం చేయడానికి వచ్చిన విదేశీ సంస్థవాళ్లు ఒకటే మాట చెప్పారు. గోడలు మీరు లేపుకోండి, పైకప్పు మేమిస్తాం. దూలాలు, సిమెంటు రేకులు, మేకులు, కిటికీ చట్రాలు. అయితే నాలుగు గోడలూ లేచి, బాగా ఎండిన ఇంటికే. పత్తి తీతలు ముగిసేలోగా కాకపోతే వాళ్ల లారీలు వేరే జిల్లాకి వెళ్లిపోతాయి. ఇక చలికాలమంతా టార్పాలిన్ పట్టా కిందే.

వాళ్ల ఇంజినీరు పేరు ఉల్ఫ్. స్వీడన్ మనిషి. మా ఆడవాళ్ల నోట్లో అది 'ఉల్ఫత్' అయి కూచుంది. ఉల్ఫత్ అంటే మా భాషలో ప్రేమ. "ఉల్ఫత్ వచ్చాడే, ముసుగు సర్దుకోండి" అని గులందోమ్ అరిస్తే, అతను నిజంగానే తన పేరు అదే అన్నట్టు చెయ్యి ఊపేవాడు. మా భాష కొంచెం నేర్చుకున్నాడు. ఉన్న మాటలతోనే ఎలాగో నెట్టుకొచ్చేవాడు.

నా భర్త తోహిర్ సమష్టి పొలంలో ట్రాక్టరు నడిపేవాడు. మా పెళ్లయిన మరుసటి చలికాలంలో తుపాకులవాళ్లు వచ్చి, వీధిలో దొరికిన మగవాళ్లందర్నీ ఒక మాట అడగాలని చెప్పి తీసుకుపోయారు. తోహిర్ చెప్పుల్లోనే వెళ్లాడు, బూట్లు వేసుకోనివ్వలేదు. ఆ సాయంత్రమే ఇళ్లకు నిప్పు పెట్టారు. మేం నది వైపు నడిచాం. మమ్మల్ని తరిమినవాళ్లూ మేమూ ఒకే భాష మాట్లాడతాం, ఒకే నమాజు చేస్తాం. వాళ్ల పూర్వీకులు ఒక లోయ నుంచి వచ్చారు, మావాళ్లు ఇంకో లోయ నుంచి. అంతే తేడా.

డేరాల్లో ఉండగా ఒకామె, తోహిర్‌ని రష్యాలో ఏదో రైల్వే స్టేషన్‌లో చూశారట అని చెప్పింది. ఎవరు చూశారో ఆమెకే తెలియదు. అత్త ఆ మాటని గట్టిగా పట్టుకుంది. రోజూ టీ పోసేటప్పుడు మా ఇద్దరి గిన్నెల పక్కన మూడో గిన్నె పెట్టేది. ఖాళీగా కాదు, టీ పోసి. చల్లారాక తనే తాగేది. నేను విధవనో, పెళ్లామో నాకే తెలియని రోజులవి.

మూడు గోడలకీ మా పాత ఇంటి మట్టే సరిపోయింది. కరిగిన గోడల్ని తవ్వి, నానబెట్టి, గడ్డి కలిపి, మళ్లీ ఇటుకలు పోశాం. కాలువ వైపు గోడకి వచ్చేసరికి మట్టి అయిపోయింది. వీధిలో ఎక్కడ తవ్వినా నేల రాయిలా ఉంది. వీధి చివర, కూలిపోయిన పట్టుపురుగుల కొట్టం వెనక మాత్రం పార వేస్తే వెన్నలోకి దిగినట్టు దిగింది. అక్కడ గడ్డి కూడా మిగతాచోట్లకంటే ముదురు పచ్చగా, నడుమెత్తు పెరిగి ఉంది. గులందోమ్ మేకలు దాని చుట్టూ తిరిగి పోయేవి తప్ప నోరు పెట్టేవి కావు. మా వెంట తిరిగే పసుప్పచ్చ కుక్క ఒకటుండేది. అది కొట్టం దాకా వచ్చి, నీడలో కూచుని, మేం తిరిగొచ్చేదాకా కదిలేది కాదు. పిలిస్తే తోక ఊపేది, లేచేది కాదు.

"దానికి బద్ధకం," అంది అత్త.

మేం తవ్వడం మొదలుపెట్టిన రోజే, మధ్యాహ్నం, వీధిలో ఈగ కూడా కదలని వేళ, గాడిద బండి చప్పుడు వినిపించింది. హోకిమ్. కాలువ అవతలివాడు, మమ్మల్ని తరిమినవాళ్ల లోయకి చెందినవాడు, చేలకి నీళ్లు వదిలే మనిషి. యుద్ధమంతా ఇక్కడే ఉన్నాడు. అతని ఇంటికి ఏమీ కాలేదు. బండి దిగకుండానే అన్నాడు.

"వదినా, ఇక్కడ తవ్వకండి."

తలెత్తకుండా అత్త అడిగింది, "ఏం? నీ తాత సొమ్మా?"

"ఇది ఉప్పు మట్టి. గోడ ఆరదు."

"మా ఇళ్లు తగలబడుతుంటే గట్టు మీద నిలబడి చూశావు. ఇప్పుడు మా గోడల మీద బెంగ పుట్టుకొచ్చిందా?"

హోకిమ్ ముఖంలో కోపం రాలేదు. అదే నాకు వింతగా అనిపించింది. పగ్గం చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ, "మంచి మట్టి నేను తెచ్చిపెడతాను. ఒక్క రోజు ఆగండి," అన్నాడు.

మర్నాడు అదే వేళకి బండెడు ఎర్రమట్టి తెచ్చి మా గుమ్మం ముందు దింపి వెళ్లాడు. అత్త దాని వైపు చూడలేదు. "వాళ్ల మట్టితో కట్టిన ఇంట్లో నాకు కునుకు పట్టదు," అంది. మేం కొట్టం వెనకే తవ్వాం.

మట్టి తొక్కడం మా ఇద్దరి పని. గుంటలో నీళ్లు పోసి, తరిగిన గడ్డి చల్లి, పైజామా మోకాళ్ల పైకి మడిచి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని తొక్కేవాళ్లం. ఆ రోజు ఎండ మండిపోతోంది. బురద మాత్రం చల్లగా ఉంది, అడుగు లోతున మరీ చల్లగా. అత్త ఉన్నట్టుండి ఆగింది. కాలికి ఏదో తగిలినట్టుంది. వంగి, చెయ్యి మోచేతి దాకా బురదలో పెట్టి, దేన్నో తీసింది. గుంట బయటికి నడిచి, నా వైపు వీపు పెట్టి కూచుని, బకెట్లో కడిగింది. నీళ్లలో పసుపుగా ఏదో తళుక్కుమంది.

"ఏంటత్తా?"

"రాయి."

ఆ రాయిని ఆమె రవికలో పెట్టుకుంది. మళ్లీ గుంటలో దిగి నా భుజం పట్టుకుంది. ఆ తర్వాత ఆమె తొక్కడం మారింది. అంతకుముందు గోధుమ కళ్లంలో ఎద్దులా దబదబా తొక్కేది. ఇప్పుడు పాదం ముందు ఆనించి, ఆగి, అప్పుడు బరువు వేసేది, నిద్రపోయే పిల్లాడి పక్కన నడిచినట్టు.

ఆ సాయంత్రం టీ రెండు గిన్నెల్లోనే పోసింది. నేను మూడో గిన్నె కోసం చూశాను. కడిగి బోర్లించి ఉంది.

కొట్టం వెనకకి ఇక వెళ్లొద్దంది అత్త. తెచ్చిన మట్టి సరిపోతుందంది. సరిపోయింది కూడా. కాలువ వైపు గోడ లేచింది. మిగతా మూడు గోడలు పెళపెళ ఎండి, రాతి రంగుకి తిరిగాయి. కందిరీగలు వాటిలో సన్నటి బెజ్జాలు చేసుకుని కాపురాలు పెట్టాయి. నాలుగో గోడలో ఒక్క బెజ్జం లేదు. అది ముదురు రంగులో, నీళ్లు చల్లినట్టు అలాగే ఉండిపోయింది. కాలు కింద పెడితే బొబ్బలెక్కే ఎండలో కూడా అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేది. పొద్దున్న లేచేసరికి దాని మీద తెల్లటి పూత పూసేది. నేను చీపురుతో దులిపేదాన్ని. మర్నాటికి మళ్లీ అదే చోట, అదే మేరకు పూసేది.

ఉల్ఫత్ గోడలు చూడ్డానికి వచ్చాడు. ఎండిన మూడింటినీ వేళ్లతో కొట్టి చూసి, "బలే, అమ్మా, బలే" అన్నాడు. నాలుగో దాని దగ్గర ఆగాడు. చెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు. తడి అనే మాట అతనికి రాలేదు కాబోలు, చాలాసేపు వెతుక్కున్నాడు.

"ఈ గోడ... ఏడుస్తోంది," అన్నాడు.

గులందోమ్ పకపకా నవ్వింది. మరెవరమూ నవ్వకపోయేసరికి ఆపేసింది.

"ఉప్పు," అన్నాడు ఉల్ఫత్ మళ్లీ, మాట దొరికిన సంతోషంతో. "ఉప్పు నీళ్లు తాగుతుంది. దీని మీద దూలం పెట్టను. పడుతుంది. మీ మీద పడుతుంది. కొన్నాళ్లు చూద్దాం. ఆరకపోతే తియ్యాలి."

అప్పటి నుంచి అత్త పని అయిపోగానే ఆ గోడకి వీపు ఆనించి కూచోవడం మొదలుపెట్టింది. చల్లగా ఉంటుంది, నడుం నొప్పికి హాయి అనేది. పెదాలు కదిలేవి. దువా చదువుకుంటోందనుకున్నాను. ఒక మధ్యాహ్నం నీళ్ల బిందెతో వెనక వైపు నుంచి వచ్చాను. గోడకి ఇవతల నేనున్నానని ఆమెకి తెలియదు.

"ఇవాళ పెరుగు తోడుకోలేదురా," అంటోంది. మామూలు గొంతు. వంటింట్లోంచి వసారాలోకి మాట్లాడే గొంతు. "పాలు మంచివి కావు. గులందోమ్ మేకల సంగతి తెలిసిందే కదా నీకు. నీ పెళ్లానికి మొన్న జ్వరం తగిలింది, తగ్గింది. తగ్గిందిలే, కంగారు పడకు."

ఆగింది. ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు ఆగింది. తర్వాత చిన్నగా నవ్వింది.

గోడ మీద నా ముఖానికి ఎదురుగా ఆ తెల్ల పూత ఉంది. నేను చుట్టూ తిరిగి ముందు నుంచి రాలేదు. వచ్చిన దారినే కాలువకి వెళ్లి, నిండిన బిందెనే పారబోసి, మళ్లీ నింపుకుని వచ్చాను.

నాకు అప్పుడే తెలిసిందా? తెలిసే ఉంటుంది. తెలిసినదాన్ని తెలియనట్టు పక్కన పెట్టుకుని మనిషి ఎన్ని రోజులైనా వంట చేయగలదు.

వీధిలో ఒక్కొక్క ఇంటికీ పైకప్పు పడుతోంది. రేకుల మీద సుత్తి దెబ్బలు పొద్దుటి నుంచి వినిపించేవి. మా నాలుగో గోడ ఆరలేదు. పత్తి కాయలు పగిలే వేళకి ఉల్ఫత్ ఇద్దరు కూలీలతో, గడ్డపారలతో వచ్చాడు.

"అమ్మా, నేను మాట ఇచ్చాను. ఇల్లు ఇస్తాను. ఈ గోడ తీసి కొత్తది కడదాం. నా మనుషులు కడతారు. నువ్వు కష్టపడొద్దు."

అత్త గోడకి వీపు ఆనించి కూచుంది. కాళ్లు చాపుకుంది.

"లేవను."

"అమ్మా, ఇది పడుతుంది."

"పడితే నా మీదే పడనీ."

గులందోమ్ వచ్చి బతిమాలింది. వీధిలోవాళ్లు పోగయ్యారు. "పిచ్చా ఏంటి ఓయ్‌దీనా, ఊరికే కట్టిస్తానంటుంటే!" అని ఎవరో కసిరారు. అత్త ఎవరి మాటా వినట్లేదు. రెండు అరచేతులూ వెనక్కి పెట్టి గోడని పట్టుకుని ఉంది. ఉల్ఫత్ నా వైపు చూశాడు. కూలీలు గడ్డపారలు నేలకి ఆనించి నిలబడ్డారు.

హోకిమ్ ఎప్పుడు వచ్చాడో చూడలేదు. ఈసారి బండి లేదు. కాలువ దాటి నడిచి వచ్చినట్టున్నాడు, పైజామా అంచులు తడిసి ఉన్నాయి. టోపీ తీసి చేతిలో పట్టుకుని జనం మధ్యలోకి వచ్చాడు.

"వదినని ఏమీ అనకండి," అన్నాడు. "ఆ మట్టి ఎక్కడిదో నాకు తెలుసు. వాళ్లంతా అక్కడే ఉన్నారు. కొట్టం వెనక."

ఎవరూ 'ఎవరు' అని అడగలేదు.

"నా చేత పూడ్పించారు. పార ఇచ్చి, వెనక తుపాకీ పట్టుకుని నిలబడ్డారు. కాదంటే నన్నూ అందులోకే తోసేవాళ్లు. పూడ్చాను." అత్త వైపు తిరిగాడు. "తవ్వొద్దని చెప్పాను. ఎందుకో చెప్పలేకపోయాను. చెప్తే నా ఇంటికి ఎవరొస్తారో మీకు తెలీదు."

"తోహిర్ ఉన్నాడా?"

అడిగింది నేనే. అందరూ నా వైపు తిరిగేదాకా అది నా గొంతని గుర్తుపట్టలేదు.

"ఉన్నాడమ్మాయ్," అన్నాడు హోకిమ్.

అత్త రవికలో చెయ్యి పెట్టి ఆ రాయిని తీసింది. రాయి కాదు. బెల్టు బిళ్ల. సైన్యంలో పనిచేసినప్పటి ఇత్తడి బిళ్ల, నడుమ నక్షత్రం. ఆ నక్షత్రం కొస ఒకటి అరగదీసి ఉంటుంది. సీసా మూతలు తీయడానికి తోహిరే అరగదీశాడు. అత్త దాన్ని నా చేతిలో పెట్టింది. ఆమె ఒంటి వేడికి అది వెచ్చగా ఉంది.

"మట్టి తొక్కిన రోజు నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు అత్తా?"

"చెప్తే మీ నాన్న వచ్చి నిన్ను తీసుకుపోతాడు." ఆమె కళ్లలో నీళ్లు లేవు. "కొడుకు గోడలో ఉన్నాడు, కోడలు ఇంట్లో ఉంది అనుకున్నాను. ఇంకేం కావాలి నాకు అనుకున్నాను."

ఆమెని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. నా చూపు నా కాళ్ల మీద పడింది. ఆ మట్టి తొక్కిన కాళ్లు. కాలువకి నడిచి, నీళ్లలో దిగి, పాదాలు ఇసుకతో రుద్దుకోవడం మొదలుపెట్టాను. ఎంతసేపు రుద్దానో తెలియదు. గులందోమ్ వచ్చి, తనూ నీళ్లలో దిగి, నా చేతులు పట్టుకుని, "చాలే, చాలే తల్లీ, తోలు లేచిపోతోంది," అంటూ బయటికి లాగింది. ఆమె భర్త కూడా కొట్టం వెనకే ఉన్నాడని ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆమెకి తట్టింది. అయినా ముందు నన్ను లాగింది.

మర్నాడు తవ్వారు. వీధిలో మిగిలిన మగవాళ్లంటే ముసలివాళ్లే. హోకిమ్ వాళ్లతో పాటు గుంటలో దిగాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అతనితో మాట్లాడలేదు. ఉల్ఫత్ పైవాళ్లకి తెలియజేయాలన్నాడు. "ఇప్పుడు కాదు నాయనా, ముందు మట్టి చేయనీ," అని ముల్లా చేతులు పట్టుకుంటే ఊరుకున్నాడు. వెళ్లి, తమ గోదాములోంచి కొత్త తెల్ల దుప్పట్లు తెచ్చాడు. ఆసుపత్రి కోసం వచ్చినవి. మేం ఆడవాళ్లం వసారాల్లో కూచుని వాటిని శవాలకి చుట్టే కఫన్లుగా చించాం. గుడ్డ చిరిగే చప్పుడు తప్ప వీధిలో ఇంకో చప్పుడు లేదు. పచ్చ కుక్క మాత్రం మొదటిసారి కొట్టం దాటి లోపలికి వెళ్లి, గుంట అంచున పడుకుంది.

సమాధిలో పక్కకి తవ్విన గూటిలో మనిషిని పడుకోబెట్టి, పచ్చి ఇటుకలతో మూయడం మా పద్ధతి. కొత్త ఇటుకలు కావాలి, అందరికీ కావాలి. ముల్లా ఆ సంగతి ఎత్తగానే అత్త లేచింది. మా ఇంటికి వెళ్లి, స్టూలు వేసుకుని, కాలువ వైపు గోడ మీది వరస నుంచి మొదటి ఇటుక తనే ఊడదీసి నాకు అందించింది. నేను గులందోమ్‌కి, ఆమె ఇంకొకరికి. గుట్ట మీది శ్మశానం దాకా ఇటుకలు చేతులు మారుతూ వెళ్లాయి. చేతుల్లో అవి ఇంకా తడిగా, బరువుగా ఉన్నాయి. పొద్దు వాలేసరికి మా గోడ నేల దాకా వెళ్లిపోయింది. కాలువ అవతలివాళ్లు కొందరు గట్టు మీదకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇవతలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర అత్త అంది, "ఇక నువ్వు వెళ్లొచ్చు. నేనాపను."

"నా మైల కాలం పూర్తి కానీ."

"తర్వాత?"

"తర్వాత కూడా నన్నెవరు తీసుకెళ్లాలన్నా ఈ ఇంటికొచ్చి నిన్నే అడగాలి."

అలాగే జరిగింది. రెండేళ్లకి నన్ను పెళ్లికి అడగడానికి వచ్చినవాళ్లు ఆమెనే అడిగారు. బేరాలన్నీ ఆమే ఆడింది. కన్నతల్లి కూడా అంత గట్టిగా ఆడి ఉండదు.

పైకప్పు సంగతి. మూడు గోడల ఇంటికి రేకులు వేయకూడదని ఉల్ఫత్ సంస్థ నియమం. అతను నాలుగో వైపు రెండు పోప్లార్ చెట్ల స్తంభాలు పాతించి, వాటి మీద దూలం ఎక్కించి, రేకులు దిగ్గొట్టించాడు. గోడ లేనిచోట పట్టా కట్టించాడు. "నాలుగో గోడ బట్ట గోడ," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు మా ఎవరి కళ్లలోకీ చూడలేదు. లారీలు వెళ్లిపోయాయి.

పట్టా పక్కకి తొలగిస్తే కాలువ, దాని అవతల హోకిమ్ ఇల్లు సూటిగా కనిపించేవి. నీళ్లు వదలడానికి రోజూ అతను గట్టు మీద వెళ్లడం చూసేవాళ్లం. తొలి మంచు కురవకముందే ఒక పొద్దున్న అతను కనిపించలేదు. మర్నాడూ కనిపించలేదు. కాలువ తలుపు సగం ఎత్తి వదిలేసి ఉంది. నీళ్లు దారిన పడి పోతున్నాయి. గాడిద బండితో సహా తూము దగ్గర నిలబడి ఉంది. ఎవరో ముగ్గురు కారులో వచ్చి ఒక మాట అడగాలన్నారని అవతల నుంచి చెప్పారు. ఎవరన్నది ఎవరూ చెప్పలేదు.

అతని భార్య రజబ్‌మో గట్టు మీదకి వచ్చి నిలబడేది. అటూ ఇటూ నడిచేది. మా వైపు చూసేది కాదు. చూపు మా మీద పడితే తప్పించుకునేది.

మూడో రోజు అత్త తందూరులోంచి రొట్టెలు తీసి గుడ్డలో చుట్టింది. బూట్లు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"కాలువ అవతలికి."

"వాళ్లు తలుపు తీస్తారా?"

"తీయకపోతే గుమ్మంలో కూచుంటాను," అంది. "మొదటి రోజుల్లో ఒక్కతే ఉండకూడదు. నాకు తెలుసు."

నేను పట్టా ఎత్తి పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆమె చెక్క వంతెన మీద, చేతులు పక్కలకి చాపి, జాగ్రత్తగా దాటింది. రజబ్‌మో ఆమెని చూసి లోపలికి పోబోయి, గడప దగ్గర ఆగిపోయింది. అత్త రొట్టెల మూట ఇద్దరి మధ్యా పెట్టి మెట్టు మీద కూచుంది. చాలాసేపటికి రజబ్‌మో కూడా కూచుంది. ఇద్దరూ దారి వైపు చూస్తూ ఉండిపోయారు.

హోకిమ్ తిరిగి రాలేదు. వసంతంలో ఆ వైపు గోడ లేపేటప్పుడు, మేస్త్రీ కిటికీ ఎక్కడ పెట్టాలని అడిగాడు. రోడ్డు వైపు కొసన పెడితే వెలుతురు బాగా వస్తుందని నేనన్నాను.

"వెలుతురు సంగతి తర్వాత," అంది అత్త. "వంతెన కనిపించేలా పెట్టు. రజబ్‌మో రావాలంటే, మేం లేచి ఉన్నామో లేదో అటు నుంచి తెలియాలి."